బారికేడ్లు పెట్టిన రోజు బషీర్‌బాగ్ ఆఫీసుకు చేరడం ఎలా

"అన్నా, రేపు చలో అసెంబ్లీ అంట కదా, నేనెట్ల రావాలె?"

పదకొండేళ్లుగా బషీర్‌బాగ్‌లో పనిచేస్తున్న పాపానికి ఈ ఫోన్ నాకు నెలలో ఒకసారైనా వస్తుంది. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు, సచివాలయంలో పనిపడి జిల్లా నుంచి వచ్చే చుట్టాలు అడుగుతారు, బిడ్డను నీలోఫర్‌లో చూపించాల్సిన మా మరదలైతే ముందురోజు రాత్రి నుంచే టెన్షన్ పడుతుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి అంతా ఒకచోట రాసేస్తున్నా. లకిడీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, లిబర్టీ, హిమాయత్‌నగర్, ఇందిరాపార్క్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్... ఈ చుట్టుపక్కల ఎక్కడ పనిచేసేవాళ్లకైనా పనికొస్తుంది. హైటెక్ సిటీ వాళ్లకు దీనితో పెద్దగా పనిలేదు, వాళ్ల ట్రాఫిక్‌కు ధర్నా దాకా ఎందుకు, నాలుగు చినుకులు చాలు.

ధర్నా మంచిదా చెడ్డదా అన్న పంచాయితీ ఇక్కడ పెట్టడం లేదు. మూడు నెలలు జీతం రాకపోతే నేనూ వెళ్లి రోడ్డు మీద కూర్చుంటా. పదింటికి సీట్లో ఉండాలి, రాత్రికి ఇంట్లో అన్నం తినాలి, అంతవరకే చూద్దాం.

కావలసినవి

పెద్ద సరంజామా ఏమీ లేదు. నిండా చార్జింగ్ ఉన్న ఫోన్, ఉంటే పవర్ బ్యాంక్. మెట్రో కార్డు, లేదా ముందే తీసుకున్న ఈ-టికెట్, ఎందుకంటే ఆ రోజు కౌంటర్ దగ్గర క్యూ మెట్ల దాకా వస్తుంది. రెండు మూడు వందల రూపాయల చిల్లర, జనం గుమిగూడిన చోట నెట్‌వర్క్ చచ్చిపోయి యూపీఐ గిర్రున తిరుగుతూనే ఉంటుంది కాబట్టి. నీళ్ల సీసా. నడవడానికి వీలైన చెప్పులు. వీటన్నిటికంటే ముఖ్యం ఆఫీసు ఐడీ కార్డు, అది బ్యాగు అడుగున కాదు, మెడలో ఉండాలి. ఎందుకో ఐదో అంచెలో చెబుతా.

1. ముందు ఆ కార్యక్రమం పేరేమిటో చదవండి

చాలామంది "రేపు ఏదో గొడవ ఉందట" అని వదిలేస్తారు. ఏం గొడవో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే పేరును బట్టే ఏ రోడ్డు, ఎంతసేపు అనేది తేలిపోతుంది. పేపర్లో సిటీ పేజీ తీసి ఏ మాట వాడారో చూడండి.

"ధర్నా" అని, పక్కన ఇందిరాపార్క్ అని ఉంటే పెద్దగా కంగారు వద్దు. అక్కడి ధర్నాచౌక్ ఉన్నదే అందుకు. (2017లో అప్పటి ప్రభుత్వం అక్కడ ధర్నాలు ఆపించింది, 2018లో హైకోర్టు మళ్లీ దారి ఇచ్చింది, అది వేరే కథ.) టెంటు వేస్తారు, మైకు పెడతారు, ఉపన్యాసాలవుతాయి, సాయంత్రానికి లేస్తారు. ఇబ్బంది ఇందిరాపార్క్ చుట్టూ, లోయర్ ట్యాంక్‌బండ్, దోమలగూడ వైపే. బషీర్‌బాగ్ వాళ్లకు పది పదిహేను నిమిషాల ఆలస్యం, అంతే. "రిలే నిరాహార దీక్ష" అయితే ఆ మాత్రం కూడా ఉండదు, నలుగురు టెంటు కింద కూర్చుంటారు.

"ర్యాలీ" అంటే కదిలేది. ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పేపర్లో ఉంటుంది, ఆ రెంటి మధ్య రోడ్డు ఒక గంటో గంటన్నరో పోతుంది, ర్యాలీ తోక దాటగానే వెనక రోడ్డు తెరుస్తారు. ఓపిక ఉంటే ఆగొచ్చు. "మానవహారం" కూడా అలాంటిదే, ఇంకా తొందరగా అయిపోతుంది.

"రాస్తారోకో" అంటే అసలు ఉద్దేశమే మిమ్మల్ని ఆపడం. చెప్పి చేసేవి కొన్ని, చెప్పకుండా చేసేవి ఎక్కువ. 2024 అక్టోబరులో గ్రూప్-1 అభ్యర్థులు అశోక్‌నగర్‌లో రోడ్డెక్కినప్పుడు చూశాం కదా, అలాంటివి ఒక్కరోజుతో ఆగాలని కూడా లేదు. ఎక్కడ పెట్టుకున్నారో ఆ జంక్షన్‌ను ఆ రోజుకు మర్చిపోవడమే. "వంటావార్పు" అంటే దాని పెద్దన్న: రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండి తిని లేస్తారు, తెలంగాణ ఉద్యమం రోజుల్లో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అన్నం ఉడికి, అందరి భోజనాలూ అయి, గిన్నెలు కడిగేదాకా ఆ రోడ్డు మీది కాదు.

"ముట్టడి", "చలో అసెంబ్లీ", "చలో సెక్రటేరియట్"... ఈ మాటలు కనిపిస్తే మాత్రం జాగ్రత్త పడండి. ఇక్కడ రోడ్డు ఆపేది నిరసనకారులు కాదు, పోలీసులు. వాళ్లు పొద్దున్నే బారికేడ్లు పెట్టేస్తారు, ఊరి బయటి నుంచి వచ్చే బస్సులను చెక్ చేస్తారు, ఓయూలో (ఉస్మానియా యూనివర్సిటీలో) అయితే ఎన్‌సీసీ గేటు మూసేస్తారు. ఒక్కోసారి వెయ్యి మంది వస్తారనుకుంటే యాభై మంది కూడా అసెంబ్లీ దాకా రారు, అయినా రోడ్డు మాత్రం వెయ్యి మందికి మూసినట్టే మూసి ఉంటుంది. మీ ప్లాన్ వచ్చే జనాన్ని బట్టి వేసుకోవద్దు, బారికేడ్లను బట్టి వేసుకోండి. ఈ గైడు ప్రధానంగా ఈ రకానికే.

చివరిది "బంద్". 2025 అక్టోబరు 18న బీసీ రిజర్వేషన్ల కోసం జరిగిన రాష్ట్ర బంద్‌లాంటిది. రోడ్లు ఖాళీగానే ఉంటాయి, బస్సులే డిపోలు దాటవు. సొంత బండి ఉన్నవాళ్లకు నిజానికి అది హాయైన రోజు, మహాలక్ష్మి ఉచిత బస్సు మీద ఆధారపడ్డ ఆడవాళ్లకు మాత్రం ఆఫీసుకు పోవడం ఆటో ఖర్చుతో కూడిన పని అవుతుంది. ముందురోజే ఎవరి బండి వెనక వెళ్లాలో మాట్లాడుకోండి.

విజయవాడ వాళ్లకూ ఈ లెక్కే వర్తిస్తుంది. 2022 ఫిబ్రవరి 3న ఉద్యోగుల "చలో విజయవాడ" రోజు బీఆర్‌టీఎస్ రోడ్డు ఎలా నిండిందో అక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది.

2. రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి కనుక్కోండి

రాత్రి పడుకునేముందు ట్రాఫిక్ పోలీసుల సోషల్ మీడియా పేజీ చూడండి. పెద్ద కార్యక్రమం ఉంటే ఎక్కడ మళ్లిస్తారో జంక్షన్ల పేర్లతో సహా పెడతారు. చదివేటప్పుడు అందులో వాడే పేర్లు తెలిసి ఉండాలి. వీవీ స్టాచ్యూ అంటే ఖైరతాబాద్‌లో విశ్వేశ్వరయ్య విగ్రహం, ఇక్బాల్ మినార్ అంటే సచివాలయం దగ్గరిది, పీసీఆర్ అంటే బషీర్‌బాగ్ నుంచి అసెంబ్లీకి పోయేదారిలో పోలీస్ కంట్రోల్ రూమ్. కొత్తగా వచ్చినవాళ్లు ఇవి ఎక్కడో తెలియక మొత్తం చదివి కూడా నేరుగా బారికేడ్‌లోకే వచ్చి నిలబడతారు.

నిషేధాజ్ఞలు పెట్టారని చదివి భయపడి సెలవు పెట్టేవాళ్లూ ఉన్నారు. పాత సెక్షన్ 144, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టంలో) 163. 2024 అక్టోబరు చివర్లో హైదరాబాద్‌లో ఇది నెలరోజులకు పెట్టారు, ధర్నాచౌక్‌కు మినహాయింపు ఇచ్చి మరీ. ఆ నెలంతా మేం మామూలుగానే ఆఫీసుకు వెళ్లాం, టీ తాగాం, వచ్చాం. అది గుంపులు కట్టేవాళ్ల కోసం, లంచ్ బాక్స్ పట్టుకుని పోయే మీ కోసం కాదు.

పొద్దున ఏడున్నరకు రెండోసారి. ఇక్కడ నా మాట వినండి: యాప్‌లన్నిటికంటే నమ్మకమైనది మీ ఆఫీసు వాచ్‌మన్. లేదా కింద టీకొట్టు ఆయన. వాళ్లు తెల్లారకముందే అక్కడుంటారు, బారికేడ్ బండి ఏ మూలన ఆగిందో కళ్లారా చూసి చెబుతారు. మా వాచ్‌మన్ తాత అయితే "డీసీఎంలు ఎన్ని నిలబెట్టిండ్రు" అనేదాన్ని బట్టి రోజు ఎలా ఉండబోతుందో చెప్పేస్తాడు. పట్టుకున్నవాళ్లను ఎక్కించడానికి తెచ్చే వ్యాన్లు అవి. రెండుంటే మామూలు రోజు, ఆరు దాటితే నువ్వు నారాయణగూడలో దిగు బిడ్డా అంటాడు. నాకు తెలిసి ఇంతవరకు తప్పలేదు.

మ్యాప్ చూడండి గానీ ఒక మెలిక గుర్తుపెట్టుకోండి. రోడ్డు పూర్తిగా మూసేస్తే అందులో బండ్లు ఉండవు, బండ్లు లేకపోతే మ్యాప్‌లో ఎరుపు కనపడదు. అంటే అసెంబ్లీ ముందు రోడ్డు ప్రశాంతంగా, చుట్టూ ఉన్నవన్నీ ముదురు ఎరుపుగా కనిపిస్తే ఆ ప్రశాంతమైనదే మూసిన రోడ్డు! మొదటిసారి దీన్ని చూసి నేను ఎగిరి గంతేసినంత పనిచేశా.

3. బండి ఎక్కడ వదిలేయాలో ఇంట్లోనే తేల్చుకోండి

ముట్టడి రోజు చేసే అతిపెద్ద తప్పు, "వెళ్లి చూద్దాం, కాకపోతే అక్కడ నుంచి తిరగొచ్చు" అనుకోవడం. అక్కడికి వెళ్లాక తిరగలేరు. ముందు బారికేడ్, వెనక సిటీ బస్సు, పక్కన డివైడర్.

నేనుండేది కొత్తపేట వైపు. మామూలు రోజుల్లో మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి మీదుగా బండి మీదే వస్తా. ఆ రోజు మాత్రం బండి ఇంటి దగ్గర మెట్రో స్టేషన్ పార్కింగ్‌లోనే వదిలేసి రైలెక్కుతా. మీరు మియాపూర్, కూకట్‌పల్లి నుంచి అయినా అంతే, ఉప్పల్ నుంచి అయినా అంతే. ఎంత ఊరి బయట వదిలితే అంత మంచిది. లకిడీకాపూల్ దాకా తెచ్చి పక్క గల్లీలో పెడదాం అనుకోకండి. ర్యాలీ దారిలో పెట్టిన బండ్లను క్రేన్ వచ్చి ఎత్తుకుపోతుంది, దాన్ని విడిపించుకోవడం మరో సగం రోజు పని.

రాంగ్ రూట్‌లో పోతే ధర్నా రోజు కదా అని చలాన్ మాఫీ అవ్వదు. కెమెరాకు ధర్నాతో సంబంధం లేదు.

ఫ్లైఓవర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇందిరాపార్క్ నుంచి వీఎస్‌టీ దాకా 2023 ఆగస్టులో తెరిచిన స్టీల్ బ్రిడ్జి మామూలు రోజుల్లో వరమే. కానీ ధర్నాచౌక్ నిండిన రోజు ఇందిరాపార్క్ వైపు దిగే చోట ఆగిపోతే పైన ఉన్నవాళ్లు పైనే. తెలుగుతల్లి ఫ్లైఓవర్ కూడా అంతే. కింద ఉంటే కనీసం ఏ సందులోకైనా దూరొచ్చు, పైన అయితే హుస్సేన్‌సాగర్ చూస్తూ కూర్చోవాలి. ఎంతసేపని చూస్తారు!

4. ఏ స్టేషన్‌లో దిగాలి

ఇది సరిగ్గా ఎంచుకుంటే మిగతావన్నీ సులువు. అందరూ అలవాటు కొద్దీ ఎరుపు లైనులో అసెంబ్లీలోనో లకిడీకాపూల్‌లోనో దిగుతారు. పెద్ద ముట్టడి రోజు ఆ స్టేషన్ల గేట్లు మూసే అవకాశం ఉంది, అప్పుడు రైలు ఆగకుండా వెళ్లిపోతుంది, లేదా ఆగినా బయటికి వచ్చే దారుల్లో ఒక్కటే తెరిచి ఉంచుతారు.

చాలామంది మర్చిపోయేది ఆకుపచ్చ లైను. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా, 2020 ఫిబ్రవరిలో మొదలైంది. అది అసెంబ్లీ జోలికి పోకుండా ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్‌బజార్ మీదుగా వెనకవైపు నుంచి వస్తుంది. ధర్నా రోజు మనకు కావలసింది సరిగ్గా ఆ వెనక ద్వారమే.

బషీర్‌బాగ్, హైదర్‌గూడ, హిమాయత్‌నగర్ వాళ్లు నారాయణగూడలో దిగండి. అక్కడ నుంచి కింగ్‌కోఠి, హైదర్‌గూడ మీదుగా బషీర్‌బాగ్‌కు ఇరవై ఇరవై ఐదు నిమిషాల నడక, చెట్ల నీడ కూడా అక్కడక్కడ ఉంది. ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో మారాలి. మియాపూర్ వైపు నుంచి అయితే అదే ఎరుపు రైల్లో ఎంజీబీఎస్ దాకా కూర్చుని అక్కడ మారండి, అసెంబ్లీలో రైలు ఆగకపోయినా మీకు సంబంధం లేదు. ఉప్పల్, నాగోల్ వాళ్లు నీలం లైనులో పరేడ్‌గ్రౌండ్ దగ్గర మారండి. ఒకవేళ నిరసన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అశోక్‌నగర్ వైపు అయితే ఇదంతా తిరగేసుకోండి, అప్పుడు ఎరుపు లైనే నయం.

ఆబిడ్స్ వాళ్లకు నాంపల్లి మూసినా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ ఉంది, కోఠి వాళ్లకు సుల్తాన్‌బజార్ ఉంది, వాళ్లకు బాధే లేదు.

నీలోఫర్‌కు వెళ్లేవాళ్లు మాత్రం లకిడీకాపూల్ వైపు నుంచి అసలు ప్రయత్నించవద్దు. మాసాబ్‌ట్యాంక్ నుంచి ఏసీ గార్డ్స్ మీదుగా రెడ్‌హిల్స్‌లోకి రండి. పిల్లలతో ఉన్నవాళ్లు, పెద్దవాళ్లను తెచ్చేవాళ్లు గంట ముందు బయల్దేరండి, ఆసుపత్రి చీటీ చేతిలో పట్టుకోండి, చీటీ చూపిస్తే పోలీసులూ దారి ఇస్తారు, నిరసనకారులూ ఇస్తారు. అంబులెన్సు వస్తే మైకులో ఉపన్యాసం ఆపి మరీ జనాన్ని జరిపించడం నేను చూశా. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఈ గైడు పక్కనపెట్టి 108.

సచివాలయంలో పని ఉన్నవాళ్లకు ఒకటే సలహా, రేపు వెళ్లండి. లోపలికి పోనిచ్చినా లోపల మీకు కావలసిన మనిషి సీట్లో ఉండడు, ఆయనా మీలాగే ఏదో జంక్షన్‌లో ఉంటాడు.

5. బారికేడ్ దగ్గర ఎలా మాట్లాడాలి

ఐడీ కార్డు మెడలో ఉండాలన్నది ఇందుకే. అక్కడ నిలబడ్డ కానిస్టేబుల్‌కు మీరు ఉద్యోగా, ముట్టడికి వచ్చినవారా తెలియదు. బ్యాక్‌ప్యాక్ వేసుకున్న పాతికేళ్ల కుర్రాడైతే అనుమానం ఇంకా ఎక్కువ. మా ఆఫీసులో ఒక పిల్లవాడిని అలాగే డీసీఎం దాకా తీసుకెళ్లారు, కార్డు బ్యాగులోంచి తీసేలోపు ఎక్కించేసేవాళ్లే.

దూరం నుంచే కార్డు చూపిస్తూ, ఒక్కరే వెళ్లండి, గుంపుగా వద్దు. "సార్, ఆఫీసు అదిగో ఆ బిల్డింగే, నడిచే పోత" అంటే చాలావరకు వదిలేస్తారు. బండి మీద కూర్చుని అడిగితే వదలరు. వాదనకు దిగితే అసలే వదలరు, ఎండలో పొద్దున ఆరు నుంచి నిలబడ్డ మనిషి అతను. ఇటు కాదు అటుకెళ్లి పొండి అంటే అటే పొండి, యాభై అడుగుల అవతల ఇంకో సందు ఉంటుంది.

నిరసనకు వచ్చినవాళ్లతో కూడా అంతే. "మీ వల్ల మాకు లేటు" అని ఒకసారి మా కొలీగ్ గట్టిగా అంటే పదిమంది చుట్టుముట్టి తమ జీతం ఎంతో, ఎన్నాళ్లుగా పెంచలేదో చెప్పడం మొదలుపెట్టారు, అతను ఇంకో అరగంట లేటు. ఓసారి అంగన్‌వాడీ టీచర్లు వచ్చిన రోజు లిబర్టీ దగ్గర ఫుట్‌పాత్ మీద ఒకావిడ టిఫిన్ డబ్బాలో పులిహోర తింటూ నన్ను ఆపింది. ములుగు అవతల నుంచి రాత్రి బస్సులో వచ్చిందట. ఏం అడుగుతుందో అనుకున్నా. "అన్నా, ఈడ బాత్రూం ఎక్కడుంటది?" అంది. పదకొండేళ్లుగా ఆ రోడ్డు మీద తిరుగుతున్నా, వెంటనే చెప్పలేకపోయా. మా ఆఫీసు కింద వాష్‌రూమ్ చూపించమని వాచ్‌మన్ తాతకు ఫోన్ చేస్తే, ఆవిడ వెనక ఇంకో ఎనిమిది మంది లేచారు. మీకూ ఎవరైనా అదే అడుగుతారు, ముందే తెలుసుకుని ఉంచుకోండి.

6. నడిచేటప్పుడు

రోడ్డు మధ్యలో వద్దు, షాపుల పక్క నుంచి నడవండి. పోలీసుల వరుసకూ జనం వరుసకూ మధ్య ఖాళీ జాగా ఉంటుంది, దగ్గరి దారిలా కనిపిస్తుంది, అందులోకి అస్సలు పోవద్దు. ఫోన్ ఎత్తి మొహాల వీడియోలు తీయకండి, రెండు వైపుల వాళ్లకూ అది నచ్చదు.

పరిస్థితి మారుతోందని ఎలా తెలుస్తుంది? షాపుల షట్టర్లు చూడండి. పూర్తిగా తెరిచి ఉంటే అంతా మామూలే. సగం దించారంటే వాళ్లకు ఏదో వినపడింది. టకటకా కిందికి పడుతుంటే వెంటనే పక్క సందులోకి తిరగండి. లాఠీచార్జి మొదలై జనం పరుగెత్తితే వాళ్లతో పాటు పరుగెత్తకండి, పక్కకు తప్పుకుని తెరిచి ఉన్న ఏ షాపులోకైనా, అపార్ట్‌మెంట్ గేటులోకైనా వెళ్లి పది నిమిషాలు నిలబడండి. పరుగెత్తేవాడిని ఎవరూ కార్డు అడగరు.

7. ఆఫీసుకు ముందే చెప్పండి, సరిగ్గా చెప్పండి

"సార్ ట్రాఫిక్" అని పదిన్నరకు పెట్టే మెసేజ్‌కు విలువ లేదు, అది అందరూ రోజూ పెట్టేదే. ఎనిమిదిన్నరకు పెట్టండి, ఇలా:

"సార్, ఈ రోజు చలో అసెంబ్లీ ఉంది, లకిడీకాపూల్ నుంచి బషీర్‌బాగ్ దాకా డైవర్షన్ పెట్టారు. మెట్రోలో నారాయణగూడ దాకా వచ్చి నడిచి వస్తున్నా, 10.30 లోపు ఉంటాను. అర్జెంటు అయితే ఫోన్‌లో ఉంటా."

పోలీసుల మళ్లింపు ప్రకటన స్క్రీన్‌షాట్ దీనికి జతచేయండి. ఎందుకు, ఎలా, ఎప్పుడు, మూడూ ఉన్నాయి, ఇక పైవాళ్లు అడగడానికి ఏమీ మిగలదు. పది అని చెప్పి పదిన్నరకు రావడం కంటే పదిన్నర అని చెప్పి పదింబావుకు రావడం ఎప్పుడూ మేలు.

అందరూ చేసే తప్పు, నేనూ చేసింది

మ్యాప్ చూపించిన గల్లీలోకి వెళ్లడం. ఓసారి బండి మీదే వచ్చా, హిమాయత్‌నగర్ మెయిన్ రోడ్డు ఆగిపోయింది. మ్యాప్ గగన్‌మహల్, దోమలగూడ మీదుగా తిప్పి "11 నిమిషాలు" అంది. తిరిగా. అదే పదకొండు నిమిషాలు నా ముందున్న రెండు వందల బండ్లకూ చూపించిందని సందు మధ్యలోకి వెళ్లాక తెలిసింది. ఎదురుగా నీళ్ల ట్యాంకర్. అది వెనక్కి పోలేదు, మేం పోలేం. ఒక ఇంటి గేటు ముందు మామ్మ వాకిలి కడుక్కోవడానికి బకెట్ పట్టుకుని నిలబడి, ఎంతకీ మేం కదలకపోయేసరికి, ఆ నీళ్లు పక్కనబెట్టి లోపలికి పోయి చెంబుతో మంచినీళ్లు తెచ్చి అందరికీ పోసింది. యాభై నిమిషాలు. బండి ఇంజిన్ ఆపి తోసుకుంటూ వెనక్కి వచ్చా.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే: నాకు తెలియని గల్లీ మ్యాప్ చూపించినా పోను, అదీ నాలుగు చక్రాలు పట్టని గల్లీ అయితే అసలే పోను.

ఇంకో తప్పు క్యాబ్ బుక్ చేసి బారికేడ్ లోపలికి రమ్మనడం. రాడు, క్యాన్సిల్ చేస్తాడు, తప్పు అతనిది కాదు. ఒక కిలోమీటరు నడిచి ట్రాఫిక్ కదులుతున్న చోటికి వెళ్లాక బుక్ చేయండి. ఆటోవాళ్లు రెండింతలు అడుగుతారు, ఒకటిన్నర దగ్గర తేల్చుకోవచ్చు.

8. సాయంత్రం, రోడ్డు తెరిచారో లేదో చూసుకోవడం

పొద్దున జాగ్రత్తపడ్డవాళ్లు కూడా సాయంత్రం దొరికిపోతారు. టీవీలో "ముగిసిన ధర్నా" అని వేయగానే బ్యాగు సర్దేస్తారు. ధర్నా ముగియడం వేరు, రోడ్డు ఖాళీ అవడం వేరు. వచ్చిన వేలమంది ఒకేసారి బస్సులెక్కాలి, ఆ బస్సులేమో నెక్లెస్ రోడ్డు దగ్గరో ఎన్టీఆర్ స్టేడియం దగ్గరో ఆగి ఉంటాయి, అవి కదిలే గంటే ఆ రోజు మొత్తంలో ఘోరమైన గంట. అయితే ముందు బయటపడాలి, లేదా ఓ గంట ఆగి కదలాలి. మధ్యలో బయల్దేరితే రెండూ చెడతాయి.

తెరిచారో లేదో తెలుసుకోవడానికి నేను చూసేది ఎదురుగా వచ్చే బస్సు. ఉప్పల్ నుంచి మెహిదీపట్నం పోయే 113 లాంటి బస్సు హిమాయత్‌నగర్ నుంచి లిబర్టీ మీదుగా మామూలుగా వస్తోందంటే దారి నడుస్తున్నట్టే. ఒక బస్సు చూసి నమ్మకండి, పది నిమిషాల్లో రెండు మూడు రావాలి. అవతలి వైపు నుంచి వచ్చిన బస్సు కండక్టర్‌ను "అన్నా, లకిడీకాపూల్ ఓకేనా?" అని అడిగితే అంతకంటే తాజా వార్త ఎక్కడా దొరకదు. ఆర్టీసీ గమ్యం యాప్‌లో మీ బస్సు ఎక్కడుందో చూడొచ్చు, అది తన దారి వదిలి ఎటో పక్కకు పోతూ కనిపిస్తే మళ్లింపు ఇంకా ఎత్తలేదని అర్థం.

బారికేడ్లు పక్కకు జరిపి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటే అయిపోయినట్టు. జరిపి, పేర్చకుండా అలాగే నిలబెట్టి ఉంచారంటే మళ్లీ పెడతారు, ఆ దారిన పోవద్దు.

స్కూలు నుంచి పిల్లలను తెచ్చుకోవాల్సినవాళ్లు ఈ లెక్కలేవీ పెట్టుకోకుండా మధ్యాహ్నమే ఇంటి దగ్గరి వాళ్లకు ఎవరికైనా అప్పగించండి. చివరి నిమిషంలో ఫోన్ చేస్తే పక్కింటివాళ్లు మాత్రం ఏం చేస్తారు.

ఇక అందరూ చివర్లో అడిగే ప్రశ్న: హాఫ్ డే కట్ అవుతుందా? అది మీ ఆఫీసు ఇష్టం, ధర్నా ఉందని ఊరికే వదిలేయాలన్న రూలేమీ లేదు. బయోమెట్రిక్ ఉన్నచోట మాత్రం వచ్చిన వెంటనే వేలు పెట్టండి, లేటైంది ఎలాగూ హాఫ్ డే అని టీకి పోకండి. నెలాఖరున హెచ్‌ఆర్ చూసేది ఆ టైమును, మీ మెసేజ్‌ను. పొద్దున ఎనిమిదిన్నరకు పెట్టిన ఆ మెసేజ్ ఉంటే గంట పర్మిషన్ కింద రాయించుకోవచ్చు, నాకు ఇప్పటికి మూడుసార్లు అలాగే రాశారు. నాలుగోసారి మాత్రం సగం రోజు జీతం పోయింది, ఆ రోజు మెసేజ్ పదిన్నరకు పెట్టా.